తోటను పైనుంచి చూసినవాడు

యుగంధర్‌కి తను వేసిన తోటలన్నిటిలో నచ్చేది కాగితం మీది తోట. కాగితం మీద చెట్టంటే ఒక సున్నా. అది నీళ్ళు అడగదు, ఆకులు రాల్చదు, దాని కింద ఎవడూ స్కూటర్ పెట్టడు. విజయనగరంలో మేడ మీద ఉన్న అతని ఆఫీసు గోడల నిండా అలాంటి సున్నాలే ఉంటాయి. అహ్మదాబాద్ వెళ్ళి తోటల డిజైనింగ్ చదువుకుని వచ్చాక అతను చేసినవి చాలావరకు కల్యాణమండపాల ముందు లాన్లు, అపార్ట్‌మెంట్ల వెనక మిగిలిపోయిన జాగాలో బెంచీలు. ఒక కాలేజీ ముందు పొదల్ని కాలేజీ పేరు చదవడానికి వీలుగా కత్తిరించాడు. తర్వాత యాజమాన్యం మారి కాలేజీ పేరు మారింది. పొదలు ఇప్పటికీ పాత పేరే చెబుతున్నాయి.

అతని భార్య ఉష, అతనికి మేనమామ కూతురే. అతను లాగూ వేసుకుని గేదె వెనక పరిగెత్తిన రోజులు చూసిన మనిషి కాబట్టి, అహ్మదాబాద్ చదువుకి ఆమె ఎన్నడూ జడవలేదు.

"బావా, అన్నీ పైనించి సూసినట్టే గీస్తావు. పైనించి నీ తోట ఎవుడు సూస్తాడు, గెద్దలా?" అంది ఒకసారి.

"ప్లాన్ అంటే అలాగే గీస్తారే."

"అయితే బిల్లు కూడా గెద్దలకే పంపు."

యుగంధర్ నవ్వేశాడు గాని ఆ మాట అతని లోపల ఎక్కడో ముల్లులా ఉండిపోయింది. నిజమే మరి. సున్నాలూ గీతలూ ఎంత పొందికగా అమర్చినా, నేల మీద నడిచేవాడికి కనపడేది ముందున్న పొద, దాని మీద ఆరేసిన తువ్వాలు.

గణపతిరావు అతని దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. గణపతిరావుకి సాలూరులో లారీలున్నాయి. శృంగవరపుకోట దాటాక, కొండల మొదట్లో, ఒక ఊరిని ఆనుకుని మామిడి తోటా దాని వెనక జీడితోటా కలిపి కొన్నాడు. ఇల్లు కట్టాడు. మిగిలిందంతా తోట చేయాలన్నాడు. ఎలాంటి తోట కావాలని యుగంధర్ అడిగాడు.

"సూసినోడు ఆగిపోవాల. అంతే. ఇంకోటి, ఏ దార్లోనైనా లారీ తిరగాల."

"తోటలోకి లారీ ఎందుకొస్తుందండీ?"

"రాదు. గానీ తిరగాల. తిరగదని తెలిస్తే నాకు నిద్దర పట్టదు బాబూ. మా నాన్న ఆకరి రోజుల్లో ఆసుపత్రి వరండా సూసి, ఇక్కడ బండి తిరగదురా, నన్ను తీసుకుపొండ్రా అన్నాడు."

లారీ ఒక్కటీ ఒప్పుకుంటే మిగతాదంతా అతని ఇష్టమని యుగంధర్‌కి అర్థమైంది. ఒప్పుకున్నాడు. ఒంపులు తిరగాల్సిన దారులు రాష్ట్ర రహదారిలా తయారయ్యాయి. దానికి బదులుగా అతనికి చింతచెట్టు దొరికింది.

ఆ చెట్టు జీడితోట చివర, పొదల మధ్య ఉండేది. చుట్టూ మిగతా చెట్లు వెలుతురు రాకుండా కమ్ముకోవడంతో ఇది పక్కలకి పోకుండా పైకి పోయింది. ఊళ్ళోవాళ్ళకి కూడా దాని మీద పెద్దగా దృష్టి లేదు. యుగంధర్ పొదలు కొట్టించాడు. తర్వాత చెట్టు కింది కొమ్మలు కొట్టించాడు. దూరం నించి చూసి, ఇంకొన్ని కొట్టించాడు. చివరికి మాను ఒక్కటే నిటారుగా నిలబడింది, పైన గొడుగంత ఆకుతో. ఇంటి వరండా నించి దాని దగ్గరికి ఎర్ర కంకరతో తిన్నగా ఒక దారి వేయించాడు. చెట్టుకు ముందు మడుగు తవ్వించాడు. చెట్టు మొదట్లో లైట్లు పెట్టించాడు. దీనికి అతను 'చూపు గీత' అని పేరు పెట్టుకున్నాడు. వరండాలో నిలబడ్డవాడి చూపు ఎటూ పోకుండా ఆ గీత మీదే వెళ్ళి చెట్టు దగ్గర ఆగాలి. ఈ మాట గణపతిరావుకి చాలాసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఆయన తల ఊపి, "లారీ తిరుగుతాది గదా?" అనేవాడు.

గోడ దగ్గర మాత్రం గట్టి గొడవే అయింది. మనిషెత్తు గోడ కట్టి పైన గాజు పెంకులు పెట్టించాలని గణపతిరావు పట్టు. నడుమెత్తు చాలని యుగంధర్ వాదన.

"అందాన్ని దాచుకోకూడదండీ. రోడ్డున పోయేవాడికి కూడా కనపడాలి."

"కనపడితే ఎత్తుకుపోతారు బాబూ."

"చెట్టునెవరు ఎత్తుకుపోతారండీ!"

ఆ వాదనలో యుగంధర్ గెలిచాడు. అతని వృత్తి జీవితంలో అంత పెద్ద గెలుపు ఇంకొకటి లేదు. లైట్లు వేసిన మొదటి సాయంత్రం రోడ్డు మీద ఆటోలు ఆగాయి. అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా ఊఁ కొడుతూ, జనం ఏమంటారో వింటూ గోడ పక్కన తచ్చాడాడు.

"ఎవుడికో పిచ్చెక్కినాది," అన్నాడు ఒక ఆటోవాలా.

యుగంధర్ దానికీ సంతోషించాడు. ఆగాడు కదా.

ఆ చెట్టు ఫొటోని అతను తోటల డిజైనర్ల సంఘం ఒకటి దేశమంతటికీ కలిపి ఇచ్చే అవార్డుకి పంపాడు. కింద ఒక పేజీ వివరణ కూడా రాశాడు. చివరి వడపోతలో అతని తోట మిగిలింది. ఫాల్గుణంలో బెంగళూరు నించి సుహాసిని అనే న్యాయనిర్ణేత స్వయంగా వచ్చి చూస్తుందని మెయిల్ వచ్చింది. ఆఫీసు మెట్లు దిగుతూ దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుని మెట్టు తప్పి కాలు బెణికించుకున్నాడు. అవార్డు వస్తే కల్యాణమండపాల బతుకు ముగుస్తుంది. ఆ చెట్టు లేకపోతే ఆ తోట కూడా మరో కల్యాణమండపమే. ఈ సంగతి అతనికి తెలుసు కాబట్టి, వారానికోసారి వెళ్ళి చెట్టుకి పురుగు పట్టిందేమో చూసి వచ్చేవాడు. పురుగుల గురించే భయపడ్డాడు. అమ్మవారి గురించి అతనికి తోచలేదు.

సుహాసిని రావడానికి కొద్ది రోజుల ముందు గణపతిరావు ఫోన్ చేశాడు.

"బాబూ, అమ్మ మన సెట్టు అడిగినాది! అసిరితల్లి! కల్లోకొచ్చి మరీ అడిగినాది! రా, ఎంటనే రా!"

ఆ ఊరి దేవత అసిరితల్లి. ఆమె సంబరంలో సిరిమాను తిప్పుతారు. సిరిమాను అంటే చింతమానుని చెక్కి చేసిన పొడుగాటి దూలం. దాన్ని బండి మీద బిగించి, కొసన పీట కట్టి, పూజారిని కూర్చోబెట్టి, ఆకాశంలోకి లేపి ఊరేగిస్తారు. ఏ చెట్టు కావాలో అమ్మవారు పూజారికి కల్లో చెబుతుంది. ఎవరి చెట్టుని అడిగితే వాళ్ళు ఇవ్వాల్సిందే. ఇవ్వనన్నవాడు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేడు. యుగంధర్ ఇవన్నీ పుట్టినప్పటి నించి ఎరిగినవాడే. ఎరిగి ఉండీ, చింతచెట్టుకి కొమ్మలన్నీ కొట్టించి నిటారు దూలంలా నిలబెట్టి, లైట్లు వేసి ఊరికి చూపించాడు.

అతను వెళ్ళేసరికి చెట్టు చుట్టూ జనం ఉన్నారు. మానుకి పసుపు రాసి ఉంది. పూజారి లక్ష్ముడు సన్నగా ఉన్నాడు, అరవై దాటి ఉంటాడు. కల చెప్పమని గణపతిరావు ఆయన్ని మళ్ళీ అడిగాడు. అది ఎన్నోసారో తెలీదు గాని లక్ష్ముడు విసుక్కోకుండా చెప్పాడు.

"సెట్టు తిన్నగున్నాది. ఒక్క కొమ్మ అడ్డం నేదు. ముందర నీళ్ళున్నాయి. కింద దీపాలు ఎలుగుతున్నాయి. దాని కాడికి ఎర్రటి దారి ఏసున్నాది. నాకోసరం ఎవులో ఇదంతా సేసి ఉంచినారు, ఎల్లి తెచ్చుకోరా అన్నాది అమ్మ."

అవార్డుకి యుగంధర్ పేజీ నిండా రాసిన వివరణ ఇదే. అమ్మవారు ఇంకా తక్కువ మాటల్లో చెప్పింది.

"లక్ష్ముడుగారూ, ఈ చెట్టుని ఇంతకుముందు చూశారా మీరు?"

"రోజూ సూస్తన్నాను బాబూ. గోడ పొట్టిది గదా. ఆ లైట్లేస్తే మా అరుగు మీదికే ఎలుగు వస్తాది. ఇంట్లో బల్బు కూడా ఎయ్యడం మానీసినాం."

"ఊళ్ళో ఇంకా చింతచెట్లు ఉన్నాయి కదండీ?"

"ఉన్నాయి. అన్నీ వంకర."

"సంబరం వేళకే కదా కావాలి. ఒక నాలుగు రోజులాగి..."

"సెక్కాల, సాపు సెయ్యాల, ఇరుసు ఎయ్యాల. పచ్చిమాను కాసింత ఆరాల గదా బాబూ," అన్నాడు లక్ష్ముడు, అవార్డు సంగతి తెలియనివాడికి ఉండే శాంతంతో.

యుగంధర్ గణపతిరావుని పక్కకి తీసుకెళ్ళాడు. ఆయన మాట్లాడనివ్వలేదు.

"బాబూ, నేనీ ఊరొచ్చి రెండేళ్ళయినాది. ఇప్పటిదాకా నన్ను సాలూరోడు అనే అంటన్నారు. నా పేరేటని కూడా అడగనేదు. ఈయాల పొద్దున్నే అందరూ గుమ్మంలోకొచ్చి, గణపతిరావుగారూ, అన్నారు. సెట్టు కాదు, ఇల్లడిగినా ఇచ్చీసేవోణ్ణి."

ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. లారీలు లోయల్లో పడినప్పుడు కూడా ఏడవని మనిషి. యుగంధర్ ఏం చెప్పాలనుకున్నాడో మర్చిపోయినట్టు నటించాడు.

చెట్టుని వేళ్ళతో సహా తీసిన రోజు ఊరంతా వచ్చింది. డప్పులు మోగాయి. ఎర్ర కంకర దారి మీద మనుషులు నడవడం అదే మొదలు. అప్పటిదాకా దాని మీద నడిచింది యుగంధర్ ఒక్కడే, గీత సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి. ఇప్పుడు ఆడవాళ్ళు బిందెలతో పసుపునీళ్ళు చల్లుకుంటూ నడిచారు. కడియం నర్సరీల నించి తెప్పించిన మొక్కల్లో సగం ఆ తొక్కిడికి పడుకున్నాయి. మానుని మోకులు కట్టి లాగుతూ మలుపు దగ్గరికి తెచ్చారు. అంత పొడుగు మాను ఎక్కడా తగలకుండా తిరిగింది.

"సూసినారా?" అని అరిచాడు గణపతిరావు. "లారీ తిరగాలన్నానా నేదా?"

పూజ దగ్గర మొదటి కొబ్బరికాయ గణపతిరావు కొట్టాడు. రెండోది యుగంధర్ చేత కొట్టించారు, మానుని సిద్ధం చేసినవాడని. ఒక ముసలామె అతని బుగ్గలు పుణికి, "అమ్మ నీకు ముందే సెప్పినాది నాయనా, నీకు తెలీనేదంతే," అంది. అతను దండం పెట్టాడు. ఇరవై ఏళ్ళలో అతని పనిని ఇంతమంది ఒకేసారి మెచ్చుకోలేదు. మెచ్చుకున్న పని మోకుల మీద గేటు దాటిపోతోంది.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని కొత్త వివరణ రాశాడు. ఉషకి చదివి వినిపించాడు.

"చూపు ఆగడానికి వస్తువు అక్కర్లేదు. లేకపోవడం కూడా ఒక రూపమే. ఇక్కడ తోట తన కేంద్రాన్ని తానే ఖాళీ చేసుకుంది."

ఉష బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"అంటే గొయ్యే గదా బావా?"

"గొయ్యి కాదే. ఖాళీ."

"రాత్రి పూట ఎవుడన్నా పడితే గొయ్యంటాడు."

సుహాసిని ప్రయాణం కాస్త వెనక్కి జరిగి, ఆమె సరిగ్గా సంబరం రోజునే వచ్చింది. నెరిసిన జుట్టు కత్తిరించుకున్న తెలుగు మనిషి. తక్కువ మాట్లాడుతుంది. వరండాలో నిలబడి దారి పొడుగునా చూసింది. మడుగుంది. మడుగవతల గొయ్యి ఉంది. గోతి అంచున ఒక మేక నిలబడి ఉంది. మేక సంగతి యుగంధర్ వివరణలో లేదు.

"మీరు పంపిన ఫొటోలో ఇక్కడ చెట్టుంది," అంది.

"అవునండీ. చూపు ఆగడానికి వస్తువు అక్కర్లేదు..."

"సెట్టు అమ్మకిచ్చీసినాం అమ్మా!" అన్నాడు గణపతిరావు వెనక నించి, కొత్త పట్టుపంచెలో. "ఈ బాబే దాన్ని తయారు సేసినాడు. ఈ గోడ పొట్టిగా కట్టించింది కూడా ఈయనే. నేనొద్దన్నాను, నాకు తెలివి నేదు. గోడ ఎత్తుగా ఉంటే అమ్మకి కనపడీది కాదు." కల సంగతి మొదలుకుని లారీ తిరగడం దాకా మొత్తం చెప్పాడు.

సుహాసిని అంతా విని యుగంధర్ వైపు తిరిగింది.

"సరే. మీ గీత ఇప్పుడెక్కడ ముగుస్తుంది?"

అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. అతను కొత్తగా రాసిన వివరణలో దానికి జవాబు లేదు. మేక కూడా అతని వైపు చూసింది. సరిగ్గా అప్పుడు గోడ మీదుగా, ఊరి ఇళ్ళ కప్పుల పైన, సిరిమాను కొస లేచింది. సాయంత్రం ఊరేగింపుకి ముందు ఒకసారి లేపి చూస్తున్నారు. కొసన ఖాళీ పీట ఊగుతోంది.

"అక్కడ," అన్నాడు యుగంధర్, పైకి చెయ్యి చూపించి. "ఇక్కణ్ణించి చెట్టు వైపు చూసే తోట కాదండీ ఇది. చెట్టు మీది నించి ఇటు చూడాలి."

ఆ అబద్ధం ఎక్కణ్ణించి వచ్చిందో అతనికే తెలీదు. నోట్లోంచి వచ్చాక మాత్రం నిజంలా అనిపించడం మొదలుపెట్టింది. జీవితమంతా పైనించి చూసినట్టే గీశాడు. పైనించి చూసేవాడు ఇన్నాళ్ళకి దొరికాడు. గెద్ద కాదు, లక్ష్ముడు.

సుహాసిని మొహంలో మొదటిసారి కదలిక కనపడింది. "అలా ఎవరైనా చూశారా?"

"ఈ సాయంత్రం చూస్తారు. పూజారిగారు."

"అయితే ఆయన్నే అడుగుదాం. ఆయన ఏం చూశానంటారో అదే నా రిపోర్టులో రాస్తాను."

యుగంధర్ ఆ మధ్యాహ్నం భోంచేయలేదు. మేకని తోలించాడు. కంకర దారి చిమ్మించాడు. పడుకున్న మొక్కల్ని కర్రలు కట్టి లేపించాడు. పొద్దు ఉండగానే లైట్లన్నీ వేయించాడు. మడుగు నిండా నీళ్ళు పెట్టించాడు. గోతిని ఏం చేయాలో తోచక దాని చుట్టూ ముగ్గుతో సున్నా గీయించాడు, కాగితం మీద గీసినట్టు.

సాయంత్రం సిరిమాను కదిలింది. జనం మీద జనం. మొక్కుగా విసిరిన అరటిపళ్ళు గాలిలోకి లేస్తున్నాయి, మానుకి తగిలినవి పడ్డచోట మనుషులు ఏరుకుంటున్నారు. కొసన లక్ష్ముడు కొత్త పంచెతో, చేతిలో విసనకర్రతో కూర్చుని ఉన్నాడు. మాను లేచింది. ఊరి కప్పులు దాటి, కొబ్బరిచెట్ల తలలు దాటి లేచింది. మలుపు దగ్గర బండి తిరిగినప్పుడు పీట మెల్లగా తోట వైపు తిరిగి, అక్కడే కాసేపు నిలిచింది. వరండా, దారి, మడుగు, ముగ్గు సున్నా, అన్నీ ఒకే గీత మీద ఆయన కాళ్ళ కింద ఉండి ఉంటాయి. యుగంధర్ పీట వైపే చూస్తున్నాడు.

"దండం పెట్టు బావా," అని ఉష మోచేత్తో పొడిచింది. "నీ పరీక్ష తరవాత సూద్దువు."

ఊరేగింపు ముగిసి లక్ష్ముడు దిగాక, కాళ్ళకి మొక్కేవాళ్ళు తగ్గేదాకా ఆగి, యుగంధర్ సుహాసినిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. లక్ష్ముడు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. సుహాసిని పెన్ను తీసింది.

"లక్ష్ముడుగారూ, పైనించి మా తోట ఎలా కనపడిందండీ?"

"ఏ తోట బాబూ?"

"మన గణపతిరావుగారి తోట. బండి తిరిగినప్పుడు మీరు సరిగ్గా దాని మీదే ఉన్నారు."

"ఏమో బాబూ. నేను కళ్ళు తెరవను గదా."

యుగంధర్‌కి అర్థం కాలేదు.

"ఎక్కినప్పుడు మూసుకుంటే మళ్ళీ దిగినాకే తెరవడం," అన్నాడు లక్ష్ముడు. "మా నాన్న కూడా అంతే. అంతెత్తు! బయం ఉండదేటి? అమ్మ సూసుకుంటాది, మద్దిన నాకెందుకు సూడ్డం?" మజ్జిగ తాగేసి, గ్లాసు కింద పెట్టి, యుగంధర్ మొహం చూసి జాలిపడ్డాడు. "పోనీ వచ్చేసారి ఓ కన్ను తెరవమంటావా?"

సుహాసిని పెన్ను పట్టుకునే అరుగు అంచున కూర్చుండిపోయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. మాట ఇచ్చినట్టే రాసింది కూడా. అవార్డు పుణె దగ్గర ఎవరిదో తోటకి వెళ్ళింది. యుగంధర్ తోట గురించి రిపోర్టులో ఉన్నది ఇంతే: ఈ తోటను చూడవలసిన చోటు నుంచి చూడగలిగిన ఒకే ఒక్క మనిషి కళ్ళు మూసుకున్నారు.

ఉష ఆ వాక్యం రెండుసార్లు చదివించుకుంది. "ఓలమ్మ! ఉన్న ఒక్క గెద్దా కళ్ళు మూసుకున్నాదేటి!"

చెట్టు తీసిన చోట మళ్ళీ చింతమొక్క నాటడం అక్కడి ఆనవాయితీ. వానలు పడ్డాక గణపతిరావు ముహూర్తం పెట్టి అందర్నీ పిలిచాడు. ఊరివాళ్ళు చాలామంది వచ్చారు. అందరూ ఆయన్ని పేరుతోనే పలకరించారు.

"బాబూ," అన్నాడు ఆయన యుగంధర్‌తో, "గోడ ఇంకో రెండు వరసలు తీయించీమంటావా? ఈసారి అమ్మకి ఇంకా బాగా కనపడాల."

యుగంధర్ వరండాలో నిలబడి, ఒక కన్ను మూసుకుని, చెయ్యి చాపి, మొక్క పట్టుకున్న మనుషుల్ని జరుపుతున్నాడు. ఇంకొంచెం ఎడమకి. కాదు, కాస్త కుడికి. లక్ష్ముడు పసుపునీళ్ళ చెంబుతో ఓపిగ్గా నిలబడి ఉన్నాడు. డప్పులవాళ్ళు మొదలుపెట్టబోయి ఆగారు.

"అది సెట్టయ్యేసరికి మనం ఉండం బావా," అంది ఉష పక్కన నిలబడి.

"తెలుసు. కాస్త ఎడమకీ!"

"ఆ రెండో కన్ను కూడా మూసీ, పూజారిగారిలాగ. ఇంకా బాగా కనపడతాది."

యుగంధర్ చుట్టూ చూశాడు. ఎవరూ తన వైపు చూడటం లేదని నిర్ధారించుకుని, రెండో కన్ను కూడా మూశాడు. మొక్క సరిగ్గా గీత మీదే ఉంది.

"చాలు, నాటేయండి!" అని కేక వేశాడు.